ఇంకోసారి వాళ్ళ అన్నయ్య

3వ తేదీ, సోమవారం

రాయకూడదనే అనుకున్నాను. ఈ నోటుపుస్తకం ఇంట్లోకి వచ్చి రెండేళ్ళయింది. ఇంతవరకూ ఇందులో ఉన్నవి రెండే: మొదటి పేజీలో నా పేరు, నాలుగో పేజీలో టీ గ్లాసు చేసిన గుండ్రటి మరక. డెబ్భై ఒకటో ఏట డైరీ మొదలుపెట్టడం బస్సు వెళ్ళిపోయాక చెయ్యెత్తినట్టుంటుంది. మా ఆవిడా అదే అంది. అయినా రాస్తున్నాను. ఈ కోపం ఎక్కడో ఒకచోట దించకపోతే నాకు అన్నం సయించదు. మా ఆవిడ ఇప్పటికే మూడుసార్లు వింది. నాలుగోసారి మొదలుపెట్టేసరికి గిన్నెలు గట్టిగా తోమడం మొదలుపెట్టింది.

సంగతేమిటంటే, మా చెల్లిని పనిలోంచి తీసేస్తున్నారు.

చెల్లికి యాభై రెండు. ఆసుపత్రుల బట్టలుతికే పెద్ద లాండ్రీలో పందొమ్మిదేళ్ళుగా పని చేస్తోంది. మడత పెట్టడంలో తనని మించినవాళ్ళు లేరు. తను మడిచిన దుప్పట్ల దొంతర పక్కన గోడ వంకరగా కనిపిస్తుంది. మాట మాత్రం తన చెవిలో పడ్డాక లోపలికి నడిచి వెళ్తుంది, పరిగెత్తదు. ఒకేసారి మూడు మాటలు చెబితే ఒకటి చేరుతుంది, రెండు దారిలో తప్పిపోతాయి. అక్షరాలూ అంతే. రెండో తరగతి మూడేళ్ళు చదివింది. నాలుగో ఏడు పంతులుగారే దండం పెట్టి ఇంటికి పంపేశారు. ఏది చెప్పినా "ఇంకోసారి" అనేది కాబట్టి వీధిలో పిల్లలు తనకి అదే పేరు పెట్టారు. పెట్టినవాళ్ళందరూ ముసలివాళ్ళయ్యారు, పేరు మాత్రం ఇంకా పడుచుగానే ఉంది. నేనూ అలాగే పిలుస్తాను. ముద్దుగానే అనుకోండి.

ఈరోజు మధ్యాహ్నమే ఇంటికొచ్చేసింది. సంచి మేకుకి తగిలించి, కాళ్ళు కడుక్కుని, నా ముందు ఒక కాగితం పెట్టింది. "నా ఇష్టపూర్వకంగా, ఎవరి బలవంతమూ లేకుండా పని మానుకుంటున్నాను" అని టైపు చేసి ఉంది. కింద సంతకానికి గీత. బలవంతం లేదని ఎదుటివాళ్ళే టైపు చేసి ఇచ్చారంటే ఎంత లేదో తెలుస్తూనే ఉంది.

మిగతాది అడిగి అడిగి రాబట్టాను. మూడు నెలల కిందట వచ్చిన కొత్త సూపర్‌వైజరమ్మ శనివారం ఎక్కడికో పరిగెత్తుతూ చెప్పిందిట: ఎడమ గంపలోవి వేడినీళ్ళ మెషీన్లో వెయ్యి, కుడి గంపలోవి చన్నీళ్ళలో వెయ్యి, మధ్య గంప నేనొచ్చేదాకా ముట్టుకోకు, అర్థమైందా? చెల్లి అర్థమైందంది. వేడినీళ్ళలో వేసింది మధ్య గంప. అందులో ముప్ఫై ఉన్ని దుప్పట్లున్నాయి. బయటికి తీసేసరికి ఒక్కొక్కటీ తువ్వాలంత అయి, అట్టముక్కలా బిగుసుకుపోయిందిట.

పోయాయి. కాదనను. కానీ ఈ పందొమ్మిదేళ్ళలో తను మడిచిన దుప్పట్లన్నీ విప్పి పరిస్తే ఊరంతా కప్పుకుని పడుకోవచ్చు.

అర్థం కాకపోతే అర్థమైందని ఎందుకు చెప్పావని మా ఆవిడ అడిగింది. చెల్లి నా వంక చూసింది. నేను కళ్ళజోడు తుడుచుకున్నాను.

4వ తేదీ, మంగళవారం

సంతకం పెట్టించను. ఇది ఖాయం. పెట్టకపోతే 13వ తేదీన మేనేజరు ముందు విచారణకి రావాలని కాగితం వెనక రాసి ఉంది. వస్తాం. నేను మాట్లాడతాను. నలభై ఏళ్ళు దుకాణాలకి బోర్డులు రాసినవాణ్ణి, మాటలు నాకేమన్నా కొత్తా?

బోర్డులంటే గుర్తొచ్చింది. మా రోజుల్లో ఒక పెయింటరుండేవాడు. అక్షరమ్ముక్క రాదు. రాదని ఎవరికీ తెలియదు, ఎందుకంటే చెయ్యి అంత మంచిది. కాగితం మీద ఏది రాసిస్తే అది గీతకి గీత బోర్డు మీదికి ఎక్కించేవాడు. ఎవరేం చెప్పినా "అర్థమైంది సార్" అనేవాడు. ఒకసారి ఒక పళ్ళ డాక్టరు కాగితం రాసిచ్చాడు: "పళ్ళ ఆసుపత్రి. మేడ మీద. ఈ మాటలు కొంచెం పెద్దవిగా రాయగలరు." మర్నాడు బోర్డు మీద అన్నీ ఉన్నాయి. "ఈ మాటలు కొంచెం పెద్దవిగా రాయగలరు" అన్నది కూడా ఉంది, ముత్యాల్లాంటి అక్షరాల్లో. డాక్టరు పళ్ళు నూరాడని, ఆయన పళ్ళు కాబట్టి ఆయనే బాగుచేసుకున్నాడని చెప్పుకునేవాళ్ళం.

ఈ కథ నేను వందసార్లు చెప్పి ఉంటాను. ఎక్కడ చెప్పినా నవ్వుతారు. ఇవాళ చెల్లికి చెబితే నవ్వలేదు. చాలాసేపు ఆలోచించి, "పాపం, ఆయనకి ఎవరూ ఇంకోసారి చెప్పలేదా?" అంది.

6వ తేదీ, గురువారం

నిన్న సాయంత్రం మనసుకి కాస్త నీరసం వచ్చింది. పోనీ, సంతకం పెట్టేస్తే ఏం పోయింది, ఇంటిపట్టున సుఖంగా ఉంటుంది కదా అనిపించింది. చెల్లి మంచికే అనుకున్నాను. అక్కడికెళ్ళి నలుగురి ముందు నిలబడాలన్న భయం ఇందులో ఏమీ లేదు.

కాగితమూ పెన్నూ తన ముందు పెట్టాను. సంతకం తనకి నేర్పింది నేనే, బోర్డు రాయడం నేర్పినట్టు: ముందు సున్నా చుట్టు, దానికి తలకట్టు పెట్టు, పక్కన కొమ్ము లాగు. మూడే అక్షరాలు. బొమ్మ వేసినట్టు వేస్తుంది.

తను పెన్ను తీసుకుని మూత పెట్టేసింది.

"ఇందులో ఇష్టంగా అని ఉందన్నావుగా అన్నయ్యా?"

"ఉంది."

"నాకిష్టం లేదు."

వంటింట్లోంచి మా ఆవిడ, "అదీ నా ఆడపడుచంటే," అంది. నేను వినపడనట్టు కూర్చున్నాను. ఈ వయసులో ఆ సౌకర్యం ఒకటుంది.

తర్వాత చెల్లి అడిగింది, సోమవారం నుంచి దుప్పట్లు ఎవరు మడుస్తున్నారని. నాకేం తెలుసు? ఎవరో మడుస్తారులే అన్నాను. ఆ మాట తనకి చాలా తప్పుగా తోచినట్టుంది, లేచి వెళ్ళి ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ విప్పి మళ్ళీ మడిచింది.

7వ తేదీ, శుక్రవారం

నా ప్రసంగం రెండు పేజీలయింది. బాగుంది.

9వ తేదీ, ఆదివారం

పాత మేస్త్రమ్మ దగ్గరికి వెళ్ళాను. లాండ్రీలో పదహారేళ్ళు చెల్లి పైన ఆవిడే ఉండేది. నాలుగు నెలలయింది మానేసి, మోకాళ్ళు పోయాయి. రెండు వీధుల అవతల ఉంటుంది. చెల్లి మంచి పనిమంతురాలని ఒక ఉత్తరం రాసిస్తుందేమో, ప్రసంగంలో మధ్యన పెట్టుకుందామని నా ఆశ.

నేను ఉత్తరం మాట ఎత్తకముందే, జరిగింది విని, ముందు గుడ్డపేలికలేమయ్యాయో చెప్పమంది.

ఏ పేలికలని అడిగాను. నా వంక అదోలా చూసింది. ప్రతి గంపకీ ఒక పేలిక కట్టి ఉంచేదిట. ఎర్రపేలిక ఉంటే వేడినీళ్ళకి, నీలం ఉంటే చన్నీళ్ళకి. పేలిక ముడేసి ఉంటే ఆ గంప ముట్టుకోకూడదు. పందొమ్మిదేళ్ళుగా నా చెల్లి అక్కడ పని చేస్తోంది, ఈ సంగతి నాకు తెలియదు. ఒకసారి తను ఎర్రపేలిక ఒకటి ఇంటికి తెస్తే, తలకి కట్టుకోవడానికేమో అనుకుని వెక్కిరించాను కూడా.

"ఒక్కసారికి ఒక్క మాటే చెప్పేదాన్ని," అంది మేస్త్రమ్మ. "చెప్పి, నేనేం చెప్పానో నాకు తిరిగి చెప్పమనేదాన్ని. తప్పు చెబితే నేను చెప్పడం బాగాలేదనుకుని మళ్ళీ చెప్పేదాన్ని. అంతే, ఇంకేం మంత్రం లేదు. నాకింద పనిచేసిన తెలివైనవాళ్ళందరూ కలిసి చేసినన్ని తప్పులు ఆ పిల్ల చెయ్యలేదు."

యాభై రెండేళ్ళ మనిషిని ఆ పిల్ల అంది. బాగానే ఉంది వినడానికి.

తర్వాత అంది: "మొదట్లో మాత్రం చచ్చే చావయింది. ఏం చెప్పినా అర్థమైంది, అర్థమైంది అనేది. కళ్ళు చూస్తే ఏమీ కాలేదని తెలుస్తూనే ఉండేది. ఆ మాట మానిపించడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఎవడు నేర్పాడో గానీ."

మంచినీళ్ళు తాగి వచ్చేశాను. ఉత్తరం అడగడం మర్చిపోయాను.

10వ తేదీ, సోమవారం

ప్రసంగం చింపేశాను. అక్షరదోషాలున్నాయి.

11వ తేదీ, మంగళవారం

కొత్త ప్రసంగం రావడం లేదు. అందుకని చెల్లినే తయారుచేద్దామనుకున్నాను. కుర్చీలో కూర్చోబెట్టి చెప్పాను: లోపలికి వెళ్ళగానే నమస్కారం పెట్టు, నిన్ను అడిగేదాకా మాట్లాడకు, అడిగితే తప్పయిపోయిందండీ అను, దుప్పట్ల మాటెత్తకు, పేలికల సంగతి నేను చెబుతాను, మధ్యలో ఇంకోసారి అనకు.

"అర్థమైందా?"

"అర్థమైంది."

నాకు చాలా తృప్తిగా అనిపించింది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి అంతా చూస్తోంది. మేస్త్రమ్మ చెప్పినది నేనే మా ఆవిడకి చెప్పాను, నా నోటి దూలకొద్దీ. చేతులు తుడుచుకుంటూ వచ్చి చెల్లి పక్కన కూర్చుంది.

"ఏమమ్మాయ్, మీ అన్నయ్య ఏం చెప్పాడో నాకోసారి చెప్పు."

చెల్లి వేళ్ళు చూసుకుంది. ఒక వేలు ముడిచింది, విప్పింది. "నమస్కారం," అంది. రెండో వేలు దగ్గర ఆగిపోయింది.

"చూశారా?" అంది మా ఆవిడ నాతో, మెల్లగానే. "మీకూ అర్థమైందనే చెబుతోంది."

12వ తేదీ, బుధవారం

రేపే విచారణ. రాయకుండా తప్పించుకోలేను.

పళ్ళ ఆసుపత్రి బోర్డు రాసిన పెయింటరు నేనే.

ఇరవై ఆరేళ్ళు వచ్చేదాకా నాకు చదవడం రాదు. పొట్లాల కాగితాలూ పాత పేపర్లూ పట్టుకుని ఒక్కణ్ణే నేర్చుకున్నాను, ఆ బోర్డు గొడవయ్యాకే. అంతవరకూ అర్థమైంది అన్న ఒక్క మాట చాటున బతికాను. యజమాని చెప్పగానే అర్థమైందనేసి, పక్కవాడు ఏం చేస్తున్నాడో ఓరకంట చూసి చేసేవాణ్ణి. ఆ మాట నాకు అన్నం పెట్టింది. అందుకే చెల్లికీ అదే పెట్టాను. తనకి ఎనిమిదేళ్ళప్పుడు దుకాణంలో అందరూ నవ్వితే, బయటికి తీసుకొచ్చి చెప్పాను: ఇకనుంచి ఇంకోసారి అనకు, అర్థమైందని చెప్పు, ఎవరూ నవ్వరు. నిజమే, ఎవరూ నవ్వలేదు. నేను చాలా గొప్ప ఉపకారం చేశాననుకున్నాను.

మూడు నెలల కిందట కొత్త సూపర్‌వైజరమ్మ వచ్చినప్పుడు కూడా చెప్పాను. కొత్తావిడ, ఊరికే విసిగించకు, అర్థమైందని చెప్పి పక్కవాళ్ళని చూసి చెయ్యి అన్నాను. శనివారం పక్కన ఎవరూ లేరు.

మేస్త్రమ్మ రెండేళ్ళు కష్టపడి మానిపించింది. నేను ఒక్క పూటలో మళ్ళీ అంటించాను. తా చెడ్డ కోతి వనమెల్లా చెరిచిందంటారు. నేను బోర్డులు రాసే కోతిని, అంతే తేడా.

ఇంకో తేడా కూడా ఉంది. నాకు ఎవరూ నేర్పలేదు, నేర్చుకుంటే వచ్చింది. చెల్లిది అలా కాదు. తన తీరే అది. ఉన్నన్నాళ్ళూ అలాగే ఉంటుంది. దాక్కోవడానికి ఒక మాట ఇచ్చాను నేను. తనకి కావలసింది ఇంకోసారి చెప్పే మనిషి.

మా ఆవిడకి చెప్పాను. ఆ బోర్డు మీరే రాశారని పెళ్ళయిన నెలకే తెలుసులెండి అంది.

13వ తేదీ, గురువారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

గేటు దగ్గర కాపలాదారు ఎవరు మీరని అడిగాడు. "ఇంకోసారి వాళ్ళ అన్నయ్యని" అన్నాను, అలవాటుగా. ఓహో, ఇంకోసారి వాళ్ళ అన్నయ్యగారా అని నవ్వి గేటు తీశాడు. చెల్లి నవ్వలేదు. అప్పుడు నేను గమనించలేదు, ఇప్పుడు రాస్తుంటే కనపడుతోంది.

ఆఫీసు గది గోడకి అవతలే మెషీన్లు తిరుగుతుంటాయి. బల్ల మీద గ్లాసులో నీళ్ళు వణుకుతూనే ఉంటాయి. బల్ల వెనక మేనేజరు, పక్కన సూపర్‌వైజరమ్మ. ఈవిడని ఒక రాక్షసిలా ఊహించుకుని వెళ్ళాను. చూస్తే పాతికేళ్ళు కూడా ఉండవు. గోళ్ళు కొరుక్కుంటోంది.

చెల్లి నమస్కారం పెట్టింది. మేనేజరు కాగితం తీసి చదివాడు: "సదరు దినమున సూపర్‌వైజరుగారు మౌఖికంగా ఇచ్చిన ఆదేశాలను సంపూర్ణంగా గ్రహించినట్లు అంగీకరించి కూడా, వాటిని అమలుపరచడంలో మీరు నిర్లక్ష్యం వహించిన మాట వాస్తవమేనా?"

నేను నోరు తెరిచాను. చెల్లి నా మోచేతి మీద చెయ్యి వేసింది.

"అన్నయ్యా, నువ్వుండు."

యాభై రెండేళ్ళలో నాతో ఆ మాట అనడం ఇదే మొదలు. నోరు దానంతటదే మూసుకుంది.

"ఇంకోసారి చెప్పండి," అంది ఆయనతో.

ఆయన మళ్ళీ చదివాడు, కాస్త గట్టిగా. గట్టిగా చెబితే అర్థమవుతుందనుకోవడం మనుషులందరికీ ఉన్న జబ్బే. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

"ఇంకోసారి."

ఆయన కాగితం కింద పెట్టాడు. సూపర్‌వైజరుగారు చెప్పిన పనులు తెలిశాయని ఒప్పుకుని కూడా వేరేగా చేశారా అన్నాడు.

"ఒక్కొక్కటే చెప్పండి," అంది చెల్లి.

కళ్ళజోడు తీశాడు. వేడినీళ్ళలో పడ్డ ఉన్ని దుప్పటిలా ఆయన వాక్యం ముడుచుకుంటూ, ముడుచుకుంటూ చివరికి చేతిలో పట్టేంత అయింది.

"ఆవిడ చెప్పింది నీకు అర్థమైందా?"

"కాలేదు."

"మరి అర్థమైందని ఎందుకన్నావు?"

"అన్నయ్య అలా అనమన్నాడు."

ముగ్గురూ నా వైపు చూశారు. చెల్లి చూపులో నేరం మోపడం ఏమీ లేదు, అడిగారు కాబట్టి చెప్పింది. నిజమేనండీ, నేనే అనమన్నాను అన్నాను. రెండు పేజీల ప్రసంగంలో మిగిలింది అంతే.

అప్పుడు సూపర్‌వైజరమ్మ మాట్లాడింది. మేనేజరుతో కాదు, బల్లతో మాట్లాడినట్టు. "మొదటివారం తను ఇంకోసారి అంటే విసుక్కున్నానండీ. ఆ తర్వాత అడగడం మానేసింది. నేర్చుకుందనుకున్నాను."

చెల్లి సంచిలోంచి చిన్న మూట తీసింది. ఇది మూడు నెలలుగా తన తలగడ కింద ఉంది. ఏముందో నేనెప్పుడూ అడగలేదు. విప్పి బల్ల మీద పరిచింది. ఎర్రవి, నీలివి, వెలిసిపోయిన పేలికలు.

"ఎరుపు వేడి. నీలం చల్ల." ఒక పేలికకి ముడి వేసింది. "ఇది ముట్టుకోకూడదు."

సూపర్‌వైజరమ్మ ముఖం ఎర్రబడింది. అసహ్యంగా ఉన్నాయని తనే తీసి పారేయించానని, ఎందుకు కట్టారో ఎవరినీ అడగలేదని చెప్పింది. పారేసినవాటిని చెల్లి చెత్తబుట్టలోంచి ఏరుకుని ఉతికి దాచుకుంది.

మేనేజరు చెడ్డవాడేం కాదు. అలాంటివాళ్ళతోనే ఎక్కువ కష్టం. గొంతు మెత్తన చేసి, ఇన్నేళ్ళు చేశావు కదమ్మా, ఇంటిదగ్గర విశ్రాంతి తీసుకోకూడదా అన్నాడు.

"నేనలిసిపోలేదు."

కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. సరే, సోమవారం నుంచి రా, ఒక నెల చూస్తాం అన్నాడు.

"ఏం చూస్తారు?"

"నీ పని ఎలా ఉందో చూస్తాం."

"చూడండి," అంది. "పేలికలు కట్టారో లేదో నేనూ చూస్తాను."

సంతకం లేని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, అంచుకి అంచు కలిపి, ఆయన చేతికిచ్చింది.

14వ తేదీ, శుక్రవారం

నిన్నటి నుంచి మా ఆవిడ ఉప్పు తెమ్మన్నా, తలుపు వెయ్యమన్నా చివర "అర్థమైందా?" అంటోంది. నవ్వుకోనీ.

15వ తేదీ, శనివారం

నలుగురి ముందు పరువు తీసిందని కాస్త అలిగాను. ఎవరూ గమనించకపోవడంతో మధ్యాహ్నానికి మానేశాను. సాయంత్రం చెల్లి దుప్పటి రెండో కొస నన్ను పట్టుకోమంది. పట్టుకున్నాను. అలా కాదంది. ఎలాగో చూపించింది. నాలుగుసార్లు చూపించింది. నాలుగోసారి కూడా విసుక్కోలేదు. నేనే విసుక్కున్నాను.

17వ తేదీ, సోమవారం

చెల్లి పనికి వెళ్ళింది. భోజనం డబ్బా మర్చిపోయింది. పట్టుకుని వెళ్ళాను. గేటు దగ్గర కాపలాదారు ఎవరికని అడిగాడు. చెల్లి అసలు పేరు చెప్పాను. ఆ పేరుగలవాళ్ళు ఇక్కడెవరూ లేరన్నాడు. అదే పేరు మళ్ళీ చెప్పాను, దుప్పట్లు మడిచే మా చెల్లిదని. డబ్బా తీసుకుని లోపలికి పంపించాడు.